వంట వీడియోలో ప్రతి మాటా చివరిదాకా వినపడాలంటే: డావిన్చీ రిజాల్వ్‌లో ఆడియో ఎఫెక్ట్‌లు వేసే పద్ధతి

"ఉప్పు ఇప్పుడే వేయొచ్చు." "ఉప్పు ఇప్పుడే వేయొద్దు." ఈ రెంటికీ తేడా చివరి అక్షరంలోనే ఉంది. తెలుగులో ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేయాలా మానాలా అన్నది చాలాసార్లు క్రియ చివర్లోనే తేలుతుంది. మాట్లాడేటప్పుడు గొంతు దిగిపోయేదీ సరిగ్గా అక్కడే. అందుకే ఫ్యాను రొదలో ముందు మునిగేవి మాటల చివరలు. ఎఫెక్ట్‌లు మితిమీరితే ముందు తెగిపోయేవీ అవే. ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో చెప్పే అంకెలు చాలావరకు మనకూ పనికొస్తాయి. కానీ గేటు (మెల్లని శబ్దాన్ని పూర్తిగా ఆపేసే ఎఫెక్ట్), నాయిస్ రిడక్షన్ (రొద తగ్గించే ఎఫెక్ట్) దగ్గర వాటిని ఉన్నవి ఉన్నట్టు పెట్టేస్తే తెలుగు మాట దెబ్బతింటుంది. ఏ ఎఫెక్ట్ వేసినా వాక్యంలో చివరి మాట విని చూడండి. అది నిలబడిందంటే సెట్టింగ్ సరిపోయినట్టే.

ఇక్కడి పద్ధతి డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌కు రాసింది. అందులో ఆడియో పని చేసే ఫెయిర్‌లైట్ పేజీ పేరు 1970లలో సిడ్నీలో మొదలైన ఒక ఆడియో కంపెనీది. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ కంపెనీని 2016లో కొని, 2017లో వచ్చిన రిజాల్వ్ 14లో కలిపింది. ఒక వీడియో ఎడిటర్‌లో పూర్తిస్థాయి మిక్సింగ్ కన్సోల్ దొరకడానికి కారణం అదే. ఉదాహరణకు ఒక వంట వీడియో తీసుకుందాం: ఫోన్‌తో షూటింగ్, కాలర్ మైక్, పైన ఫ్యాను, పొయ్యి మీద తాలింపు. మీరు ప్రీమియర్ ప్రో వాడుతుంటే బటన్ల పేర్లు మారతాయి గానీ పని వరుస, అంకెలు ఇంచుమించు ఇవే.

రికార్డింగ్ దగ్గర చేసుకోవాల్సినవి

ఆడియోను 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి. వీడియోకు అదే ప్రమాణం, రిజాల్వ్ టైమ్‌లైన్ కూడా మామూలుగా అదే. గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు -12 డీబీ (డెసిబెల్, శబ్దం ఎత్తుకు కొలత) దరిదాపుల్లో ఉండాలి. మీటరులో పై హద్దయిన 0ని తాకి పగిలిన శబ్దాన్ని ఏ ఎఫెక్టూ పూర్తిగా బాగుచేయలేదు. తక్కువ లెవెల్‌లో రికార్డయినదాన్ని మాత్రం ఎంతో కొంత పైకి తేవచ్చు.

మైక్‌ను గడ్డానికి జానెడు దూరంలో పెట్టండి. దూరం సగమైతే మాట సుమారు 6 డీబీ పెరుగుతుంది, గదిలోని రొద అంతే ఉంటుంది. ఇంత లాభం ఇంత చవగ్గా ఇచ్చే ఎఫెక్ట్ లేదు. కుదిరితే మాట్లాడేంతసేపూ ఫ్యాను ఆపండి. ల్యాప్‌టాప్‌లోకి నేరుగా రికార్డు చేస్తుంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గుల వల్ల వచ్చే గుంయిమనే శబ్దం చాలాసార్లు దీంతోనే పోతుంది. పొయ్యి వెలిగించక ముందు, ఎవరూ మాట్లాడకుండా 10 సెకన్ల పాటు వట్టి గది శబ్దం రికార్డు చేసి పెట్టుకోండి. నాయిస్ రిడక్షన్‌కు అదే ఆధారం. కట్ చేసిన చోట్ల మధ్య ఖాళీ నింపడానికీ అదే పనికొస్తుంది.

ట్రాకులు విడదీయడం

కనీసం మూడు ట్రాకులు చేయండి: మాట, వంట చప్పుళ్లు, సంగీతం. ఇదేదో చక్కదనం కోసం కాదు. తాలింపు చిటపటలు, నూనెలో గారె వేసినప్పటి సుయ్యిమనే శబ్దం, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ దృష్టిలో రొదే. మాట మీద వేసిన నాయిస్ రిడక్షన్ వాటిని కూడా మింగేస్తుంది. చూసేవాళ్లకు నోరూరించేది ఆ చప్పుడే కదా. అందుకని మాట లేని చోట తాలింపు ముక్కను కత్తిరించి రెండో ట్రాకులోకి దించేయండి. అక్కడ నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు.

కాలర్ మైక్ శబ్దం ఒక చెవిలోనే వస్తుంటే కంగారు పడక్కర్లేదు. మీడియా పూల్‌లో ఆ క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి, క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆడియో ట్యాబ్ తెరిచి, ఫార్మాట్‌ను మోనోగా మార్చి, శబ్దం ఉన్న ఛానల్‌ను ఎంచుకోండి. టైమ్‌లైన్ మీదికి తెచ్చే ముందే ఈ పని చేయడం మంచిది. మాట ట్రాకును కూడా మోనో రకంలోకి మార్చండి.

ఇంకొకటి: ఫోన్ సొంత మైక్, కాలర్ మైక్ రెండూ ఒకేసారి మోగనివ్వొద్దు. మాట రెండు మైకులకూ వేర్వేరు సమయాల్లో చేరుతుంది. గాలిలో శబ్దం 34 సెంటీమీటర్లు వెళ్లడానికి సుమారు 1 మిల్లీసెకను పడుతుంది. రెంటికీ ఆ ఒక్క మిల్లీసెకను తేడా ఉన్నా 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాట గొట్టంలోంచి వచ్చినట్టు బోలుగా వినపడుతుంది. దీన్ని ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే ఎఫెక్ట్) సరిచేయబోయి గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. రెండో మైక్ ట్రాకును మ్యూట్ చేస్తే సరిపోతుంది.

ముందు చేత్తో లెవెల్ సరిచేయండి

గట్టి శబ్దాలను అదిమే కంప్రెసర్ ఉంది కదా అని ఈ మెట్టు దాటేయొద్దు. మొత్తం ఒకసారి వింటూ, మరీ తగ్గిన వాక్యాలను క్లిప్ వాల్యూమ్‌తో 3 నుంచి 6 డీబీ పెంచండి, మరీ ఎక్కువైన వాటిని తగ్గించండి. ఆల్ట్ కీ నొక్కి వాల్యూమ్ గీత మీద క్లిక్ చేస్తే కీఫ్రేమ్ (ఆ చోట వాల్యూమ్ ఎంతో గుర్తుపెట్టే చుక్క) పడుతుంది. మ్యాక్‌లో అది ఆప్షన్ కీ. కుక్కర్ విజిల్ ఉన్నచోట విజిల్‌కు ముందొకటి, తర్వాతొకటి, మధ్యలో రెండు కీఫ్రేమ్‌లు పెట్టి 12 డీబీ దించండి. దాన్ని కంప్రెసర్‌కు వదిలేస్తే విజిల్ దెబ్బకు అది గట్టిగా అదిమేస్తుంది. విజిల్ ఆగిన వెంటనే వచ్చే మాట కూడా నలిగిపోతుంది.

వాక్యం చివర గొంతు దిగిపోయే అలవాటు ఉన్నవాళ్లైతే ఆ చివరి మాటను మాత్రమే 2, 3 డీబీ ఎత్తండి. ఓపిక కావాలి. పది నిమిషాల వీడియోకు అరగంట పట్టినా అది దండగ కాదు. తర్వాత వేసే ఎఫెక్ట్‌లన్నీ తక్కువ మోతాదులో సరిపోతాయి.

రొద తీయడం

ఫెయిర్‌లైట్ పేజీలోని మిక్సర్‌లో ప్రతి ట్రాకుకూ ఎఫెక్ట్స్, ఈక్యూ, డైనమిక్స్ (కంప్రెసర్, గేటు లాంటివి ఉండేది) అనే గడులు ఉంటాయి. ఆర్డర్ అన్న గడిలో వాటి వరుస మార్చుకోవచ్చు. ఎఫెక్ట్స్ ముందు, తర్వాత ఈక్యూ, చివర డైనమిక్స్ వచ్చేలా పెట్టండి. కారణం తేలిక: కంప్రెసర్ గట్టి శబ్దాన్ని తగ్గించాక మేకప్ గెయిన్‌తో మొత్తాన్ని 6 డీబీ పెంచితే ఫ్యాను రొద కూడా 6 డీబీ పెరుగుతుంది. కాబట్టి రొద అంతకు ముందే పోవాలి.

గుంయిమనే కరెంటు శబ్దం ఉంటే ముందు డీ-హమ్మర్ వేయండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో వంట చేస్తూ తీసిన వీడియోకు 60 పెట్టాలి, విజయవాడలో తీసినదానికి 50. ఇది తప్పితే రొద కదలదు, పైగా మాటే పలచబడుతుంది. హమ్ ఒక్క 50 దగ్గరే ఉండదు, 100, 150, 200 దగ్గర కూడా దాని గుణిజాలు ఉంటాయి. ఆడవాళ్ల గొంతుకు మూలస్వరం ఇంచుమించు 200 దగ్గరే ఉంటుంది కాబట్టి అమౌంట్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, హమ్ వినపడడం మానగానే ఆపేయండి.

ఇక ఫ్యాను, చిమ్నీ. ఎఫెక్ట్స్ లైబ్రరీలో ఆడియో ఎఫెక్ట్స్ కింద నాయిస్ రిడక్షన్ ఉంటుంది. దాన్ని ట్రాకు మీద కాకుండా క్లిప్ మీదికి లాగండి. పొయ్యి వెలిగించక ముందున్న రొద వేరు, చిమ్నీ వేశాక ఉన్న రొద వేరు. ఆ మార్పు వచ్చిన చోట క్లిప్‌ను కోసి, దేనికదే వేయాలి. ఎఫెక్ట్ తెరుచుకున్నాక మాన్యువల్ ఎంచుకుని, లెర్న్ ఆన్ చేసి, మాట లేని 2, 3 సెకన్ల చోటును ప్లే చేయండి. ఊపిరి పీల్చిన చప్పుడు గానీ గరిటె చప్పుడు గానీ అందులో పడకూడదు. తర్వాత లెర్న్ ఆఫ్ చేయడం మరిచిపోవద్దు. అది ఆన్‌లోనే ఉండిపోతే మీ గొంతును కూడా రొదగా నేర్చుకుని దాన్నే తీసేయడం మొదలుపెడుతుంది. మాట ఉన్నట్టుండి పూడుకుపోయిందని అనుమానం వస్తే ముందు చూడాల్సింది ఇదే.

డ్రై, వెట్ నిష్పత్తిని (అసలు శబ్దంలో ఎఫెక్ట్ వేసిన శబ్దం ఎంత కలవాలో) 60 నుంచి 70 శాతం దగ్గర ఉంచండి. రొద పూర్తిగా పోవాలని 100కు లాగితే మాట నీళ్లలోంచి వస్తున్నట్టు అవుతుంది. ఈ ఎఫెక్ట్ శబ్దాన్ని వందల చిన్న పట్టీలుగా విడగొట్టి, నేర్చుకున్న రొద కంటే తక్కువగా ఉన్న పట్టీని నొక్కేస్తుంది. ఆ హద్దు మీద ఊగిసలాడే శబ్దాలు క్షణానికోసారి మాయమై మళ్లీ వస్తుంటే ఆ నీటి బుడగల మోత పుడుతుంది. అలా ఊగిసలాడేవి ఏవనుకున్నారు? మళ్లీ మాటల చివరలే. "వేయొచ్చు"లో చ్చుకు గుర్తింపు ఇచ్చే సన్నని ఒరిపిడి శబ్దం పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అది పోతే మిగిలేది "వేయొద్దు"కు దగ్గరగా వినపడుతుంది. కొంచెం ఫ్యాను శబ్దం మిగిలినా ఎవరికీ ఇబ్బంది లేదు, కింద సంగీతం వచ్చాక అది వినపడకుండా పోతుంది. ఒకేసారి 12 డీబీ తీయడం కన్నా, తక్కువ మోతాదులో రెండుసార్లు వేయడం మాటకు క్షేమం.

మిక్సీ శబ్దం మాత్రం దీనితో పోదు. అది మాటంత గట్టిగా ఉంటుంది, క్షణక్షణానికీ మారుతుంటుంది. మిక్సీ తిరిగేటప్పుడు చెప్పిన మాటలను విడిగా రికార్డు చేసి వేసుకోండి. గదిలో ప్రతిధ్వని కూడా అంతే. గ్రానైట్ గట్టు, టైల్స్ గోడల మధ్య మాట మోగుతుంటే ఉచిత వెర్షన్‌లో దానికి సరైన మందు లేదు. మాటను మాత్రమే విడదీసే వాయిస్ ఐసొలేషన్ డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. కెమెరాకు కనపడని వైపు రెండు బొంతలు వేలాడదీస్తే ఆ సమస్య చాలావరకు పుట్టకుండానే పోతుంది.

ఈక్యూ

ట్రాకులో ఈక్యూ గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఆరు బ్యాండ్ల కిటికీ తెరుచుకుంటుంది. మొదటి బ్యాండ్‌ను ఆన్ చేసి హై పాస్‌గా (చెప్పిన అంకెకు కింది శబ్దాలను తీసేసేలా) వాడండి: మగ గొంతుకు 80 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100. గట్టు మీద గిన్నె పెట్టిన దడదడ, ఫ్యాను గాలి మైక్‌ను కొట్టిన బుసబుస చాలావరకు ఇక్కడే పోతాయి. భ, ఫ, ప అక్షరాలకు మైక్ అదిరితే ఈ అంకెను 120 దాకా జరపొచ్చు. అంతకంటే పైకి పోతే గొంతులో నిండుదనం పోతుంది.

తర్వాత, బిందెలో మాట్లాడినట్టు ఉండే బరువు. ఇది సాధారణంగా 200, 400 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడో కనుక్కోవడానికి ఒక బ్యాండ్‌ను సన్నగా చేసి, 6 డీబీ పెంచి, మాట ప్లే అవుతుండగా 200 నుంచి 500 దాకా మెల్లగా జరపండి. ఒకచోట మాట మరీ వికారంగా మోగుతుంది. అక్కడ ఆపి, బ్యాండ్‌ను కాస్త వెడల్పు చేసి, పెంచినదాన్ని 3 డీబీ తగ్గింపుగా మార్చండి. స్పష్టత చాలకపోతే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డీబీ పెంచండి, అంతకు మించి అక్కర్లేదు. నాలుగైదు డీబీలు పెంచాల్సి వస్తోందంటే లోపం ఈక్యూలో లేదు. మైక్ దుప్పట్టా మడతల్లోనో చొక్కా లోపలో దాగి ఉంటుంది.

స, శ, ష, చ చెవిలో గుచ్చుకుంటుంటే డీ-ఎస్సర్ వేయండి. మగ గొంతుకు 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆడ గొంతుకు 6 నుంచి 8 మధ్య వెతకండి. ఆ అక్షరాలు పలికినప్పుడు 3, 4 డీబీ తగ్గితే చాలు. ఎక్కువైతే సాంబారు థాంబారు అవుతుంది.

కంప్రెసర్, ఎక్స్‌పాండర్

డైనమిక్స్ కిటికీలో మూడు భాగాలుంటాయి. కంప్రెసర్‌తో మొదలుపెట్టండి. రేషియో (ఎంత నిష్పత్తిలో అదమాలి) 3:1, అటాక్ (అదమడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 120 దగ్గర పెట్టి, తగ్గింపు చూపే మీటరు మామూలు మాటకు 3, గట్టి మాటకు 6 డీబీ చూపేదాకా త్రెషోల్డ్ (అదమడం మొదలయ్యే హద్దు) దించండి. లెక్క ఇలా ఉంటుంది: త్రెషోల్డ్ -20, మాట -8 అనుకుందాం. హద్దు కన్నా 12 డీబీ ఎక్కువ. 3:1లో ఆ 12 కాస్తా 4 అవుతుంది, మాట -16 దగ్గర ఆగుతుంది. అంటే 8 డీబీ తగ్గింది, మన పనికి అది ఎక్కువే. అప్పుడు త్రెషోల్డ్‌ను -17కు ఎత్తితే తగ్గింపు 6కు వస్తుంది. ఆ తర్వాత మేకప్‌తో 4 డీబీ పెంచితే గట్టి మాటల ఎత్తు ఇంచుమించు ముందులాగే ఉండి, దిగిపోయిన మాటల చివరలు 4 డీబీ పైకొస్తాయి. మనకు కంప్రెసర్ చేసే మేలు ఇదే.

గేటు ఆన్ చేయమని చాలాచోట్ల చెబుతారు. తెలుగు మాటకు గేటు వద్దు. "పప్పు", "అట్టు", "ముక్క" అన్నప్పుడు ద్విత్వం దగ్గర పెదవులో నాలుకో మూసుకుని ఒక్క క్షణం పూర్తి నిశ్శబ్దం ఉంటుంది, సెకనులో పదో వంతుకు పైగానే. మాట అయిపోయిందనుకుని గేటు అక్కడ మూసుకుంటుంది. మళ్లీ తెరుచుకునేలోపు తర్వాతి అచ్చు మొదలు తెగుతుంది. వాక్యాల మధ్య రొద తగ్గాల్సిందేనంటే గేటుకు బదులు ఎక్స్‌పాండర్ ఎంచుకోండి. రేషియో 2:1, రేంజ్ (గరిష్ఠంగా ఎంత తగ్గాలి) 8 డీబీ, హోల్డ్ (తగ్గే ముందు ఆగే సమయం) 200 మిల్లీసెకన్లు, రిలీజ్ 250. త్రెషోల్డ్‌ను వాక్యం చివరి అతి మెల్లని అక్షరం కన్నా కిందనే ఉంచండి. రొద అప్పుడు మాయమవదు, ఒక మెట్టు దిగుతుంది. చెవికి అదే సహజం.

ఎఫెక్ట్ వేయక ముందు, వేశాక పోల్చేటప్పుడు రెండూ ఒకే ఎత్తులో ఉండేలా చూసుకోండి. 2 డీబీ ఎక్కువున్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపించి మోసం చేస్తుంది.

సంగీతాన్ని తగ్గించి నిలపడం

మాట సాగేటప్పుడు సంగీతం దానికన్నా 18 నుంచి 20 డీబీ కిందనే ఉండాలి. చేత్తో ప్రతిచోటా దించే బదులు, మాట ట్రాకు డైనమిక్స్‌లో సెండ్ బటన్, సంగీతం ట్రాకు కంప్రెసర్‌లో లిజన్ బటన్ నొక్కండి. ఇప్పుడు సంగీతం మీది కంప్రెసర్ మాటను విని పనిచేస్తుంది. రేషియో 4:1, అటాక్ 30 మిల్లీసెకన్లు పెట్టి, మాట రాగానే సంగీతం 8 నుంచి 10 డీబీ తగ్గేలా త్రెషోల్డ్ దించండి. రిలీజ్‌ను 600 మిల్లీసెకన్లకు పైన ఉంచాలి. తక్కువైతే మాటకూ మాటకూ మధ్య సంగీతం ఎగిసిపడి, అలలా ఊగుతూ విసిగిస్తుంది. వేణువు, వీణ లాంటివి మాటతో పోటీ పడతాయి కాబట్టి సంగీతం ఈక్యూలో 2, 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డీబీ తగ్గించండి.

చివరి లెవెల్, ఎక్స్‌పోర్ట్

యూట్యూబ్ -14 లఫ్స్‌ను (వీడియో మొత్తం సగటున ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) మించిన వీడియోను తగ్గించి వినిపిస్తుంది, తక్కువున్నదాన్ని పెంచదు. అందుకని ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫెయిర్‌లైట్ కింద టార్గెట్ లౌడ్‌నెస్‌ను -14గా మార్చండి. యూరప్ టీవీ ప్రసారాల ప్రమాణమైన -23ను చూసి లెవెల్ పెడితే ఫోన్‌లో మీ వీడియో నీరసంగా వినపడుతుంది. ట్రాకులన్నీ కలిసే మెయిన్ బస్ డైనమిక్స్‌లో లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఆన్ చేసి -2 డీబీ దగ్గర ఉంచండి. ఏఏసీ అనే ఆడియో ఫార్మాట్‌లోకి కుదించేటప్పుడు శిఖరాలు కాస్త పెరుగుతాయి కాబట్టి ఆ ఖాళీ అవసరం.

లౌడ్‌నెస్ మీటరును రీసెట్ చేసి వీడియోను మొదటి నుంచి చివరిదాకా ప్లే చేయండి. ఇంటిగ్రేటెడ్ (మొత్తానికి సగటు) అన్న అంకె -14, -16 మధ్య రావాలి. అది -18 చూపిస్తే బస్ ఫేడర్ ఎత్తొద్దు. ఫేడర్ లిమిటర్ తర్వాత వస్తుంది, ఎత్తితే కట్టుకున్న హద్దు తెగుతుంది. మూడు ట్రాకుల ఫేడర్లనూ సమానంగా 3 డీబీ ఎత్తి మళ్లీ కొలవండి.

తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి, ఫోన్ స్పీకర్‌లో సగం వాల్యూమ్ పెట్టి, వంటింట్లో చిమ్నీ వేసుకుని వినండి. మీ వీడియో చూస్తూ వంట చేసేవాళ్లు వినేది అలాగే. చిన్న స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కింది శబ్దాలు దాదాపు రావు, కాబట్టి హెడ్‌ఫోన్లలో నిండుగా ఉన్న గొంతు ఇక్కడ సన్నబడుతుంది. కొలతలు చెప్పిన వాక్యాలు, "వేయొచ్చు", "వేయొద్దు" అన్నవి ప్రత్యేకంగా వినండి. ఒక్కటి తడబడినా ఆ మాట క్లిప్‌ను 2 డీబీ ఎత్తి, అక్కడ సంగీతాన్ని ఇంకొంచెం దించండి.

యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన ఫైలు స్థానంలో ఇంకొకటి పెట్టడం కుదరదు. కాబట్టి ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనపడేలా) ఎక్కించి, కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కంటెంట్ లౌడ్‌నెస్ దగ్గర -2, +1 మధ్య అంకె ఉంటే పబ్లిక్ చేసేయొచ్చు. -5, -6 కనపడితే ఆ ఫైలు తీసేసి, ట్రాకు ఫేడర్ల దగ్గరికి వెళ్లి లెవెల్ పెంచి మళ్లీ ఎక్కించండి.